ఒకే లేఖలో నాలుగు ఫిర్యాదులు: విశ్వవిద్యాలయంలో ఏది ఏ కమిటీకి వెళ్లాలి

మీరు రాసిన విషయం క్లుప్తంగా ఇది. మీరు ఎమ్మెస్సీ రెండో సంవత్సరం విద్యార్థిని. గ్రంథాలయం నుంచి మహిళా హాస్టల్‌కు వచ్చే దారిలో లైట్లు వెలగవు. ఆ దారిలోనే మీ విభాగంలోని ఒక రీసెర్చ్ స్కాలర్ పలుమార్లు మీ వెంటపడ్డాడు, వద్దని చెప్పినా వాట్సాప్‌లో సందేశాలు పంపుతూనే ఉన్నాడు. మీ ప్రాక్టికల్ రికార్డులు దిద్దేది కూడా అతనే కాబట్టి ఇంటర్నల్ మార్కులు అందుకే తగ్గాయని మీ అనుమానం. వార్డెన్‌కు నోటిమాటగా చెబితే ఆమె చేసిన పని, హాస్టల్ గేటు మూసే సమయాన్ని రాత్రి తొమ్మిదిన్నర నుంచి ఎనిమిదికి మార్చడం. పక్క గదిలోని మొదటి సంవత్సరం అమ్మాయి చేత సీనియర్లు తమ అసైన్‌మెంట్లు రాయించుకుంటున్నారు. వీటన్నిటినీ కలిపి వైస్ ఛాన్సలర్‌కు ఏడు పేజీల లేఖ ఇచ్చి నెల దాటింది, జవాబు లేదు. ఇప్పుడేం చేయాలి?

విశ్వవిద్యాలయ అధ్యాపకుడిగా పనిచేసిన కాలంలో నేను ఫిర్యాదుల కమిటీల్లోనూ, ర్యాగింగ్ నిరోధక కమిటీలోనూ చాలా ఏళ్లు కూర్చున్నాను. మీ లేఖకు జవాబు రాకపోవడానికి కారణం నిర్లక్ష్యం ఒక్కటే కాకపోవచ్చు. ఏడు పేజీల లేఖ వీసీ పేషీకి చేరితే, అక్కడ దాని మీద ‘తగు చర్య నిమిత్తం’ అని రాసి రిజిస్ట్రార్‌కు పంపుతారు. రిజిస్ట్రార్ కార్యాలయంలో దాన్ని చదివిన సూపరింటెండెంట్‌కు మొదటి పేజీలో లైట్ల సంగతి కనిపిస్తే ఫైలు ఇంజినీరింగ్ విభాగానికి వెళ్తుంది. వాళ్లు మూడో పేజీలోని వేధింపు మా పరిధి కాదని తిప్పి పంపుతారు. మార్కుల సంగతి పరీక్షల విభాగానిదని ఒకరు, మీ విభాగాధిపతిదని ఇంకొకరు అంటారు. ఒక విద్యార్థిని లేఖ ఇలాగే అయిదు బల్లలు తిరిగి మా కమిటీ దగ్గరకు వచ్చేసరికి, ఆమె ఫిర్యాదు చేయడానికి చట్టం ఇచ్చిన గడువు దాటి పోయింది. ఆమె లేఖలో అబద్ధం ఒక్కటీ లేదు. కానీ అది ఏ కమిటీని ఉద్దేశించి రాసినదీ కాదు.

మీ ఏడు పేజీల్లో నాలుగు వేర్వేరు ఫిర్యాదులు ఉన్నాయి. ఒక్కోదానికి ఒక్కో నిబంధనావళి, ఒక్కో కమిటీ, ఒక్కో గడువు ఉన్నాయి. కాబట్టి నాలుగు లేఖలు రాయండి.

అన్నిటికంటే ముందు రాయవలసింది వెంటపడడం, సందేశాలు పంపడం గురించి. దీనికి మూలం 2013 నాటి పని ప్రదేశాల్లో మహిళలపై లైంగిక వేధింపుల నిరోధక చట్టం. ఉన్నత విద్యాసంస్థల కోసం దీని ఆధారంగా విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) చేసిన 2015 నిబంధనలు 2016 మే 2న గెజిట్‌లో వెలువడ్డాయి. వీటి ప్రకారం లేఖ వెళ్లవలసింది వీసీకి కాదు, అంతర్గత ఫిర్యాదుల కమిటీ అధ్యక్షురాలికి. క్యాంపస్‌లో అందరూ ఐసీసీ అనేది దీన్నే. సంఘటన జరిగిన తేదీ నుంచి మూడు నెలల్లోగా ఫిర్యాదు చేయాలి. వేధింపు వరుసగా సాగితే చివరి సంఘటన నుంచి మూడు నెలలు లెక్కిస్తారు. తగిన కారణం ఉందని కమిటీ భావిస్తే, ఆ కారణాన్ని రాతపూర్వకంగా నమోదు చేసి మరో మూడు నెలల వరకు పొడిగించవచ్చు. వీసీకి రాసిన లేఖ వల్ల ఈ గడువు ఆగిందని అనుకోవద్దు. చివరి సందేశం ఏ తేదీన వచ్చిందో ఈరోజే చూసుకోండి.

ఫిర్యాదు రాసేటప్పుడు ఒక విషయం గుర్తుంచుకోవాలి. ఫిర్యాదు అందిన ఏడు రోజుల్లోపు దాని ప్రతిని కమిటీ ప్రతివాదికి పంపుతుంది. అతను పది రోజుల్లోగా జవాబు, పత్రాలు, సాక్షుల జాబితా ఇవ్వాలి. అంటే మీరు రాసే ప్రతి వాక్యాన్నీ అతను చదువుతాడు. అందుకని ‘అతను మంచివాడు కాదని అందరూ అంటారు’ వంటి మాటలు, పేరు బయటపెట్టవద్దని కోరిన స్నేహితురాళ్ల అనుభవాలు అందులో ఉండకూడదు. తేదీ, సమయం, స్థలం, అతను అన్న మాట లేదా చేసిన పని, మీరు ఇచ్చిన సమాధానం, ఆ సమయంలో చూసినవారు ఎవరు అన్న క్రమంలో ఒక్కో సంఘటనకూ ఒక పేరా రాయండి. తేదీ సరిగా గుర్తులేకపోతే ‘అక్టోబరు మూడో వారంలో, ఇంటర్నల్ పరీక్షల ముందు’ అని రాయవచ్చు. ఊహించిన తేదీ వేయవద్దు, ఎందుకంటే విచారణలో ఒక్క తేదీ తప్పని తేలితే ఎదుటివారి వాదన అంతా దాని చుట్టూనే తిరుగుతుంది. చట్టం కింద చేసిన నియమావళి ప్రకారం ఫిర్యాదును ఆధార పత్రాలతో, సాక్షుల పేర్లు, చిరునామాలతో కలిపి ఆరు ప్రతులు ఇవ్వాలి.

సందేశాలకు స్క్రీన్‌షాట్లు తీయండి, కానీ అసలు చాట్‌ను తొలగించవద్దు. వీలైతే ఆ ఫోన్‌ను మార్చవద్దు. సీసీటీవీ విషయంలో మాత్రం ఆలస్యం అస్సలు పనికిరాదు. చాలా క్యాంపస్‌లలో పాత దృశ్యాలు కొన్ని వారాలకే వాటంతట అవి చెరిగిపోయి వాటి స్థానంలో కొత్తవి చేరతాయి. ఫలానా తేదీన ఫలానా సమయానికి గ్రంథాలయ ద్వారం దగ్గర రికార్డయిన దృశ్యాలను భద్రపరచాలని భద్రతాధికారికి ఒక పేరా లేఖ ఇచ్చి, దాని ప్రతిని ఫిర్యాదుకు జత చేయండి. ఆ దృశ్యాలను మీకు ఇవ్వాలని అడగనవసరం లేదు, భద్రపరచమంటే చాలు. తరువాత కమిటీయే తెప్పించుకుంటుంది.

కమిటీ ఎలా ఏర్పడిందో కూడా చూడండి. యూజీసీ నిబంధనల ప్రకారం అధ్యక్షురాలు సీనియర్ మహిళా అధ్యాపకురాలై ఉండాలి, విశ్వవిద్యాలయమైతే ప్రొఫెసర్ హోదాకు తగ్గకూడదు. ఇద్దరు అధ్యాపకులు, ఇద్దరు బోధనేతర ఉద్యోగులు, బయటి నుంచి ఒక సభ్యుడు లేదా సభ్యురాలు ఉండాలి. వ్యవహారంలో విద్యార్థులు ఉన్నప్పుడు ఎన్నికైన ముగ్గురు విద్యార్థి ప్రతినిధులూ ఉండాలి. మొత్తం సభ్యుల్లో కనీసం సగం మంది మహిళలు కావాలి. వీసీ, రిజిస్ట్రార్, డీన్, విభాగాధిపతి వంటి పరిపాలనా పదవుల్లో ఉన్నవారు సభ్యులుగా ఉండకూడదు. ఇందులో లోపం కనిపిస్తే మొదటి విచారణలోనే మర్యాదగా రాతపూర్వకంగా చెప్పండి. ఇది మొండితనం అనిపించుకుంటుందేమోనని విద్యార్థులు జంకుతారు. నా అనుభవంలో లోపభూయిష్ఠమైన విచారణ చివరికి ఉపయోగపడేది ప్రతివాదికే. 2023 మే నెలలో గోవా విశ్వవిద్యాలయానికి సంబంధించిన ఒక కేసులో సుప్రీంకోర్టు, కమిటీ హడావిడిగా విచారణ ముగించి ప్రతివాదికి తన వాదన వినిపించే తగిన అవకాశం ఇవ్వలేదన్న కారణంతో అప్పటివరకు జరిగిన చర్యను రద్దుచేసి, 2009 నాటి దశ నుంచి విచారణ మళ్లీ మొదలుపెట్టమంది. ఫిర్యాదు చేసినవారికి అన్నేళ్ల తరువాత మళ్లీ మొదటికి రావడం ఎలా ఉంటుందో ఆలోచించండి. అతనికి జవాబు చెప్పుకునే సమయం ఇస్తున్నారంటే కమిటీ అతని పక్షాన ఉందని అర్థం కాదు.

విచారణ 90 రోజుల్లో పూర్తికావాలి, ఆ తరువాత పది రోజుల్లో నివేదిక అధికారులకు అందాలి, అందిన 30 రోజుల్లో వారు చర్య తీసుకోవాలి. నివేదిక మీద అభ్యంతరం ఉంటే 30 రోజుల్లో అప్పీలు చేయవచ్చు. ఈ కమిటీ ముందు ఏ పక్షమూ న్యాయవాదిని తెచ్చుకోకూడదు. న్యాయవాదితో బయట సంప్రదించి ఫిర్యాదు రాయించుకోవడానికి మాత్రం అడ్డంకి లేదు. ఆరోపణను నిరూపించలేకపోయినంత మాత్రాన అది తప్పుడు ఫిర్యాదు కాదని నిబంధనలు స్పష్టంగా చెబుతున్నాయి. ఈ ఒక్క వాక్యం తెలియక ఫిర్యాదు చేయని విద్యార్థినులను చాలామందిని చూశాను.

మీరు అడగనిది, కానీ మీకు అన్నిటికంటే వెంటనే పనికొచ్చేది ఇంకొకటుంది. అది మధ్యంతర ఉపశమనం. విచారణ సాగుతున్న కాలంలో ప్రతివాది మీ పనిని, పరీక్షలను మూల్యాంకనం చేయకుండా ఆపమని, మీకు దూరంగా ఉండమని హెచ్చరించమని, అవసరమైతే ఇద్దరిలో ఒకరిని వేరే విభాగానికో సెక్షన్‌కో మార్చమని కమిటీ సంస్థకు సిఫారసు చేయవచ్చు. మీకు మూడు నెలల వరకు సెలవు కూడా ఇప్పించవచ్చు. దీన్ని విడిగా అడగాలి. ఫిర్యాదు చివర ‘విచారణ పూర్తయ్యే వరకు నా ప్రాక్టికల్ రికార్డులను వేరొకరి చేత దిద్దించవలసిందిగా కోరుతున్నాను’ అన్న ఒక్క వాక్యం చేర్చండి. ఇకముందు మార్కుల విషయంలో మీకున్న భయానికి సమాధానం అందులోనే ఉంది.

పోలీసుల దగ్గరకు వెళ్లాలా వద్దా అన్నది మీ ఇష్టం. ఐసీసీలో ఫిర్యాదు ఉందని పోలీసులు గానీ, పోలీసు కేసు ఉందని ఐసీసీ గానీ పక్కకు తప్పుకోకూడదు. వద్దన్నా వెంటపడడం భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద నేరం, మొదటిసారి రుజువైతే మూడేళ్ల వరకు జైలు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (నేర విచారణ పద్ధతిని నిర్దేశించే చట్టం) ప్రకారం నేరం ఏ ప్రాంతంలో జరిగినా ఏ స్టేషన్‌లోనైనా సమాచారం నమోదు చేయించవచ్చు. జీరో ఎఫ్ఐఆర్ అనేది దీన్నే. క్యాంపస్ అవుట్‌పోస్టులో ‘ముందు మీ వీసీ అనుమతి తెచ్చుకోండి’ అంటే ఆ మాటకు ఆధారం ఏ చట్టంలోనూ లేదు. మీరు పోలీసు ఫిర్యాదు చేయదలచుకుంటే సహాయపడవలసిన బాధ్యతను చట్టం సంస్థ మీదే పెట్టింది. ఈ రాత్రి ఎవరైనా వెంటపడితే మాత్రం కమిటీ, లేఖ, ప్రతులు అన్నీ తరువాత. ముందు 112కు ఫోన్ చేయండి.

రెండో లేఖ ఇప్పటికే తగ్గిన ఇంటర్నల్ మార్కుల గురించి. ఇది విద్యార్థి ఫిర్యాదుల పరిష్కార కమిటీకి, అంటే ఎస్‌జీఆర్‌సీకి వెళ్లాలి. యూజీసీ 2019 నాటి నిబంధనలను తీసివేసి 2023 ఏప్రిల్‌లో కొత్తవి తెచ్చింది. వాటి ప్రకారం ఈ కమిటీకి ఒక ప్రొఫెసర్ అధ్యక్షత వహిస్తారు, నలుగురు సీనియర్ అధ్యాపకులు సభ్యులుగా ఉంటారు, ఒక విద్యార్థి ప్రత్యేక ఆహ్వానితుడిగా ఉంటారు. వీరిలో కనీసం ఒకరు మహిళ, కనీసం ఒకరు ఎస్సీ, ఎస్టీ లేదా ఓబీసీ వర్గానికి చెందినవారు కావాలి. వీలైనంతవరకు 15 పనిదినాల్లో కమిటీ తన సిఫారసులు అధికారులకు పంపి, ఒక ప్రతిని మీకు ఇవ్వాలి. నిర్ణయం నచ్చకపోతే అది అందిన 15 రోజుల్లోగా అంబుడ్స్‌పర్సన్‌కు, అంటే విద్యార్థుల అప్పీళ్లు వినే అధికారికి, అప్పీలు చేసుకోవచ్చు. ఆయన లేదా ఆమె విశ్రాంత వీసీ, అనుభవజ్ఞుడైన విశ్రాంత ప్రొఫెసర్ లేదా మాజీ జిల్లా న్యాయమూర్తి అయి ఉంటారు. అప్పీలును 30 రోజుల్లో తేల్చాలి. ఇక్కడ మీరే హాజరు కావచ్చు, లేదా మీ తరఫున ఒక ప్రతినిధిని పంపవచ్చు.

ఇందులో ఒక మెలిక ఉంది. రీవాల్యుయేషన్ కోసమో మార్కులు పెంచమనో కోరే దరఖాస్తును అంబుడ్స్‌పర్సన్ తీసుకోరు. ఫలితాన్ని మార్చేంతటి నిర్దిష్టమైన అవకతవకను గానీ, వివక్షను గానీ చూపిస్తేనే వింటారు. కాబట్టి ‘నాకు ఇంకా ఎక్కువ రావాలి’ అని రాయవద్దు. మీ రికార్డు మీద దిద్దిన గుర్తులు, అదే ప్రయోగానికి ప్రకటించిన మార్కుల కేటాయింపు, మీకు వచ్చిన మార్కులు పక్కపక్కన చూపించి, తేడా ఎక్కడుందో చెప్పండి. రాత పరీక్ష జవాబు పత్రమైతే సమాచార హక్కు చట్టం కింద పరిశీలించే హక్కు అభ్యర్థికి ఉందని సుప్రీంకోర్టు 2011లో సీబీఎస్ఈకి సంబంధించిన కేసులో తేల్చింది. దరఖాస్తుకు 30 రోజుల్లో జవాబు రావాలి. ఈ లేఖలో వేధింపు వివరాలు మళ్లీ రాయనవసరం లేదు, రాయకపోవడమే మంచిది, ఎందుకంటే ఐసీసీ వ్యవహారంలో గోప్యత ఉంటుంది, ఎస్‌జీఆర్‌సీ ఫైలు మాత్రం పలువురి చేతుల్లో తిరుగుతుంది. ‘మూల్యాంకనం చేసిన వ్యక్తి విషయమై నేను వేరొక కమిటీకి ఫిర్యాదు చేసి ఉన్నాను’ అంటే సరిపోతుంది.

మూడో లేఖ దారి లైట్ల గురించి, గేటు గురించి. నాకు కోపం తెప్పించింది ఇదే. వేధించినవాడు గ్రంథాలయం దగ్గర స్వేచ్ఛగా తిరుగుతుంటే, వేధింపునకు గురైన అమ్మాయిల గేటును గంటన్నర ముందు మూశారు. ఇది భద్రత కోసమేనని వార్డెన్ నిజాయితీగా నమ్మి ఉండవచ్చు. కానీ నేను పైన చెప్పిన 2015 నిబంధనల్లోనే, క్యాంపస్ భద్రతా విధానాలు అతి నిఘాకూ, ముఖ్యంగా మహిళా ఉద్యోగుల, విద్యార్థినుల రాకపోకల స్వేచ్ఛను తగ్గించడానికీ దారితీయకూడదని, భద్రత పేరు చెప్పి మగ విద్యార్థుల హాస్టళ్లలో లేని వివక్షాపూరిత నియమాలను మహిళా హాస్టళ్లలో పెట్టకూడదని ఉంది. యూజీసీ నియమించిన టాస్క్‌ఫోర్సు ‘సక్షమ్’ పేరుతో 2013లో ఇచ్చిన నివేదికలోనూ ఇదే ధోరణి కనిపిస్తుంది. చిత్రమేమిటంటే అదే యూజీసీ 2015లో విడిగా ఇచ్చిన భద్రతా మార్గదర్శకాల్లో ఎత్తైన ప్రహరీలు, ముళ్లకంచె, హాస్టళ్లలో బయోమెట్రిక్ హాజరు వంటివి ఉన్నాయి. అధికారులు సాధారణంగా ఈ రెండో పత్రాన్నే మీకు చూపిస్తారు. అది మార్గదర్శకం, మొదటిది గెజిట్‌లో వచ్చిన నిబంధన అని గుర్తుచేయండి.

ఈ లేఖ మీరొక్కరే రాయవలసినది కాదు. రిజిస్ట్రార్‌ను, ఎస్‌జీఆర్‌సీని ఉద్దేశించి హాస్టల్ విద్యార్థినులంతా సంతకాలు చేసి ఇవ్వాలి. ‘క్యాంపస్‌లో భద్రత లేదు’ అన్న వాక్యానికి ఏ ఇంజినీరూ ఏ పనీ చేయలేడు. రాత్రి ఎనిమిదికీ పదికీ మధ్య నలుగురైదుగురు కలిసి ఆ దారంతా ఒకసారి నడవండి. వెలగని స్తంభాలు ఏవో, పొదలు ఎక్కడ దారికి అడ్డొస్తున్నాయో, సెక్యూరిటీ గార్డు ఏ సమయంలో ఎక్కడ ఉన్నాడో, క్యాంపస్ బస్సు చివరి ట్రిప్పు ఎప్పుడో ఒక కాగితం మీద గీసి జత చేయండి. మేమొకసారి అలాంటి చేతిగీత పటం చేతికొచ్చాకే పదకొండు లైట్లు వారంలో పెట్టించగలిగాం, అంతకుముందు రెండేళ్లు మాటలతోనే గడిచిపోయింది. కోరికలు మూడు చాలు: ఫలానా చోట్ల లైట్లు, గ్రంథాలయం మూసే వేళకు ఒక గార్డు, గేటు సమయాన్ని పాత వేళకు మార్చడం. పురుషుల హాస్టల్ గేటు సమయం ఎంతో కూడా అదే లేఖలో రాయండి, వ్యాఖ్య అక్కరలేదు.

నాలుగోది మీ పక్క గది అమ్మాయి సంగతి. ఇది ర్యాగింగ్ నిరోధక కమిటీకి వెళ్లాలి. దీన్ని ‘సీనియర్ల చనువు’ అని కొట్టిపారేయకండి. 2009 నాటి యూజీసీ ర్యాగింగ్ నిరోధక నిబంధనలు కొత్త విద్యార్థి చేత తమ చదువు పనులు చేయించుకోవడాన్ని ర్యాగింగ్‌గా స్పష్టంగా పేర్కొన్నాయి. ఆ అమ్మాయి పేరు చెప్పకుండానే జాతీయ హెల్ప్‌లైన్ 1800 180 5522కు ఎవరైనా చెప్పవచ్చు. ర్యాగింగ్ నేరం స్థాయికి చేరిందని సమాచారం అందితే 24 గంటల్లో ఎఫ్ఐఆర్ పెట్టించవలసిన బాధ్యత సంస్థ అధిపతిది. ఉమ్మడి రాష్ట్రంలో 1997లో వచ్చిన ర్యాగింగ్ నిషేధ చట్టం ఇంకో అడుగు ముందుకేసి, ఫిర్యాదు వచ్చినా చర్య తీసుకోని అధిపతిని ఆ నేరానికి సహకరించిన వ్యక్తిగా పరిగణిస్తుంది. అయితే ఆ అమ్మాయిని అడగకుండా ఆమె పేరు ఎక్కడా రాయవద్దు.

కుల వివక్ష కోణం కూడా ఉంటే 2012 నాటి యూజీసీ సమానత్వ నిబంధనల కింద వివక్ష నిరోధక అధికారి అని ఒకరుండాలి. మీరు ఆ సంగతి రాయలేదు కాబట్టి దాని లోతుకు వెళ్లను. వైద్య కళాశాలలకు, ఐఐటీల వంటి సంస్థలకు యూజీసీ నిబంధనలకు బదులు వేరే ఏర్పాట్లు ఉండవచ్చు, 2013 చట్టం మాత్రం అక్కడా వర్తిస్తుంది.

నాలుగు లేఖలనూ ఇన్‌వర్డ్ సెక్షన్‌లో (వచ్చిన లేఖలను నమోదు చేసే విభాగంలో) ఇచ్చి, మీ దగ్గరుండే ప్రతి మీద ముద్ర, తేదీ, నంబరు వేయించుకోండి. ఐసీసీ లేఖను మాత్రం కవరులో పెట్టి అంటించి, పైన ‘గోప్యం’ అని రాసి అధ్యక్షురాలి చేతికే ఇచ్చి సంతకం తీసుకోండి. గుమాస్తా ముద్ర వేయనంటే గొడవపడకుండా అదే రోజు స్పీడ్ పోస్టులోనూ, అధికారిక ఈమెయిల్‌కూ పంపండి. వార్డెన్‌కు మీరు ముందు నోటిమాటగా చెప్పిన రోజు ఏదో ఐసీసీ లేఖలోనే పేర్కొనండి, అప్పుడు ఆ సంభాషణ కూడా రికార్డులోకి వస్తుంది.

ఇవన్నీ ఇచ్చిన రెండు మూడు రోజుల్లో మిమ్మల్ని ఎవరో ఒకరు గదికి పిలుస్తారు. అతని భవిష్యత్తు పాడవుతుందని, మీ ఇంట్లో తెలిస్తే బాగుండదని, రాజీ పత్రం సిద్ధంగా ఉందని చెబుతారు. రాజీ ప్రయత్నం మీరు కోరితేనే కమిటీ చేయాలి, అదీ విచారణ మొదలయ్యే ముందు, అందులో డబ్బు ప్రస్తావన ఉండకూడదు. కమిటీ కాని మరెవరికీ ఆ పని లేదు. ఒంటరిగా వెళ్లకండి, ఒక స్నేహితురాలిని వెంట తీసుకెళ్లండి. ఏ కాగితం మీదా అక్కడికక్కడే సంతకం చేయవద్దు. ఇంటికి తీసుకెళ్లి చదువుకుని రేపు చెబుతానని చెప్పి, బయటికి రాగానే ఎవరు పిలిచారో, ఏమన్నారో తేదీ వేసి ఐసీసీ అధ్యక్షురాలికి ఒక ఈమెయిల్ పంపండి.